సిత్రాలో గాలి మారిన వారం

బహ్రెయిన్ నుంచి వచ్చి ఆరు నెలలు దాటింది. మెట్‌పల్లిలో నా కుట్టు దుకాణానికి జాకెట్టు కొలత ఇవ్వడానికి వచ్చిన ప్రతి మనిషీ "దుబాయి ఎట్లుందక్కా?" అని అడుగుతూనే ఉంది. నేను పోయింది దుబాయి కాదు, బహ్రెయిన్ అంటే "ఏదైతేంది, అన్నీ దుబాయే గదా" అంటారు. చెప్పి చెప్పి నోరు నొచ్చింది. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పడంతో ఊళ్ళో నా ప్రయాణం నాలుగు రకాలుగా తిరుగుతోంది. అందుకే మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారే కాగితం మీద పెడుతున్నాను. ఇక ఎవరడిగినా ఇది చేతికిచ్చి నేను మిషన్ తొక్కుకుంటాను.

నేను ఊరు చూడటానికి పోలేదు. మా తమ్ముడు మల్లేశ్‌ను వెనక్కి తీసుకురావడానికి పోయాను. వాడు సిత్రాలో ఒక కాంట్రాక్టు కంపెనీలో, పెద్ద పెద్ద నూనె ట్యాంకుల చుట్టూ ఇనుప గొట్టాలతో పరంజా కట్టే పని చేసేవాడు. పోయిన ఆగస్టులో పరంజా మీదే ఎండదెబ్బ తగిలి స్పృహ తప్పాడు. నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. మాకు ఫోన్‌లో చెప్పింది మాత్రం "కొంచెం జెరమొచ్చింది" అని. సెలవు మీద వచ్చిన పక్కూరి మనిషి అసలు సంగతి చెప్పిన రోజు, వాడి భార్య, మా మరదలు సరిత దుకాణానికి వచ్చి నా మిషన్ ముందు కూర్చుంది. చివరికి లేస్తూ ఒకే మాట అంది.

"ఫోన్ల మాటలు వద్దు వదినా. మనిషిని తీసుకరా."

వాడి రెండేళ్ళ ఒప్పందం అప్పుడే అయిపోవస్తోంది. మళ్ళీ రెండేళ్ళకు సంతకం పెట్టాలో, ఇంటికి రావాలో వాడు చెప్పాల్సిన సమయం. బతుకమ్మలు అయిపోయాక, దీపావళికి ముందు బయలుదేరాను. "కొంచెం చల్లబడ్డాక రండక్కా, అప్పుడైతే మంచిగుంటది" అని నాకు బస ఇస్తామన్నవాళ్ళు సలహా ఇచ్చారు. ఆ చల్లదనమే నా మీదికి వస్తుందని అప్పుడు నాకు తెలియదు.

నయీమ్: చల్లనీళ్ళ గీజర్

విమానాశ్రయం తలుపు దాటగానే నా కళ్ళజోడు మీద ఆవిరి కమ్మింది. సాయంత్రం ఆరు దాటింది, అయినా వడ్లు ఉడకబెట్టే గాబు మూత తీసినట్టు మొహానికి కొట్టింది. అద్దాలు తుడుచుకుంటూ పోతుంటే ఒక సన్నటి మనిషి ఎదురొచ్చాడు. పక్కకు తప్పుకుని ముందుకు పోయాను. వెనక నుంచి "అక్కా" అని పిలిస్తే అప్పుడు తెలిసింది, వాడు మల్లేశ్ అని. కళ్ళజోడు మీద నెపం పెట్టాను. వాడూ నమ్మినట్టు నవ్వాడు.

నేను దర్జీదాన్ని. టేపు లేకుండానే మనిషి కొలత నా కంటికి తెలుస్తుంది. వాడి పాత కొలతతో మూడు చొక్కాలు కుట్టి తీసుకుపోయాను, మెడ పదహారు. ఎదురుగా నిలబడ్డ మెడ పద్నాలుగున్నర ఉంటుందేమో. ఆ మూడింటిలో ఒకటి అప్పటికే మామిడికాయ తొక్కు డబ్బా కారి నూనెలో మునిగింది. మిగిలిన రెండూ వాడికి వేస్తే కొయ్యకు తగిలించినట్టున్నాయి.

రాజధాని మనామా ఊళ్ళోనే నయీమ్ అని పాత పేట ఒకటుంది. ఇరుకు సందులు, కింద దుకాణాలు, పైన కిరాయి గదులు. అక్కడ యూసుఫ్ భాయ్ కుట్టు దుకాణం. ఆయనది మన కోరుట్లే, ముప్పై ఏళ్ళ కింద పోయాడు. దుకాణం పైనున్న రెండు గదుల్లో ఆయన, ఆయన భార్య షమీమ్ ఉంటారు. లేబర్ క్యాంపులోకి ఆడవాళ్ళను రానివ్వరు కాబట్టి మల్లేశ్ నన్ను వాళ్ళింట్లో దింపి క్యాంపు బస్సుకు టైమైందని పరుగెత్తాడు.

మొదటి రోజే చెయ్యి కాల్చుకున్నాను. స్నానానికి చన్నీళ్ళ కుళాయి తిప్పితే సలసల కాగే నీళ్ళు వచ్చాయి. నా కేక విని షమీమ్ పరుగెత్తుకొచ్చింది.

"ఆ కుళాయి తిప్పొద్దక్కా. మిద్దె మీది ట్యాంకి నీళ్ళవి, ఎండకు కాగి ఉంటయ్. గీజర్ కుళాయి తిప్పు, అండ్ల చల్లగుంటయ్."

గీజర్‌లో చల్లనీళ్ళేమిటని చూస్తే, వాళ్ళు ఎండాకాలం ఆరు నెలలూ గీజర్ స్విచ్ వెయ్యరట. ఇంటి లోపల నీడన ఉన్న డబ్బా కాబట్టి అందులో నిలవున్న నీళ్ళే ఉన్నవాటిలో చల్లన. వేడినీళ్ళకు చన్నీళ్ళ కుళాయి, చన్నీళ్ళకు గీజర్. "స్విచ్ వేసిన దినం మాకు పండుగక్కా" అంది షమీమ్. "ఆ దినం ఎండ ఖలాస్ అన్నట్టు."

సిత్రా: గేటు బయట

మర్నాడు సాయంత్రం యూసుఫ్ భాయ్ నన్ను తన వ్యాన్‌లో సిత్రా తీసుకుపోయాడు. అదొక దీవి అంటారు కానీ వంతెన దాటామన్న సంగతే తెలియదు. దూరంగా తెల్లటి గుండ్రటి ట్యాంకులు వరుసగా ఉంటాయి, గాలి పీలిస్తే కిరోసిన్ వాసన. క్యాంపు గేటు ఎదురుగా ఒక కోల్డ్ స్టోర్ ఉంది, కిరాణా కొట్టును అక్కడ అలాగే అంటారు. దాని ముందు రెండు బల్లలు, వంద ఫిల్సుకు కరక్ చాయ్. పాలు చిక్కగా, యాలకులు దంచి వేసి, మన చాయ్‌కి మూడింతలు మరగబెడతారు. వంద ఫిల్సంటే మన ఇరవై రూపాయల పైమాట. మెట్‌పల్లి బస్టాండ్‌లో అంత పెడితే రెండు చాయ్‌లు వస్తాయని లెక్క చెప్పి యూసుఫ్ భాయ్‌ని నవ్వించాను. దుకాణం తెరవాలని ఆయన వెళ్ళిపోయాడు. నేను మాత్రం ఆ పది రోజుల్లో సగం సాయంత్రాలు ఆ బల్ల మీదే గడిపాను.

బస్సులు వచ్చాయి. దిగిన మనుషుల చొక్కాల వీపుల మీద ఉప్పు చారలు కట్టి ఉన్నాయి, పటంలో గీసిన నదుల్లాగా. మల్లేశ్ వెంట ఇంకో మనిషి వచ్చాడు. నలభై అయిదేళ్ళుంటాయి, గడ్డం సగం నెరిసింది, మాట నెమ్మది. ఆర్మూర్ వైపు పల్లె. పేరు లింగన్న.

"ఈయననేనక్కా నన్ను దించింది" అన్నాడు మల్లేశ్, ఏదో చెట్టు మీంచి పిల్లిని దించిన సంగతి చెప్పినట్టు.

అక్కడి పద్ధతి ఒకటి ఆ రోజే తెలుసుకున్నాను. ఎండాకాలంలో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగింటి దాకా బయట పని చేయించకూడదని చట్టముంది. అయితే పొద్దున తొమ్మిదికే ఇనుప గొట్టం చేతిని కాల్చే ఊళ్ళో పన్నెండు దాకా మనిషి ఆగాలి కదా. అందుకని ఈ పరంజా పనివాళ్ళు తమలో తాము జోడీలు కట్టుకుంటారు. ఇద్దరిలో ఒకడు కొంతసేపటికొకసారి రెండోవాడి పేరు పెట్టి పిలవాలి. రెండోవాడు "ఉన్న" అనాలి. ఆ జవాబు ఆలస్యమైతే పని ఆపి చూడాలి, రాకపోతే కిందికి దించాలి. ఎండాకాలమంతా ట్యాంకుల మీద ఇదే పాట. చలి వచ్చాక జోడీలు విడిపోతాయి.

అలవాటు మాత్రం పోదు. చాయ్ తాగుతూ ఏదో ఆలోచనలో పడ్డ లింగన్న ఉన్నట్టుండి "మల్లేశా" అన్నాడు. మొహం కూడా తిప్పకుండా మావాడు "ఉన్న" అన్నాడు. మళ్ళీ ఇద్దరూ చాయ్‌లో పడ్డారు.

నేను సూటిగా అడిగాను. "ఇంటికి ఎప్పుడొస్తవ్ రా?"

"వస్తనక్కా. వచ్చే ఆదివారం ఆఫీసుల అడుగుతరు. వీసా క్యాన్సల్ రాయిస్త. ఈ ఎండ మల్ల నాతోని కాదు, ఖలాస్." మెడ మీది చెమట తుడుచుకుంటూ అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ రాత్రి సరితకు ఫోన్ చేసి "పని అయింది పో" అన్నాను. తొందరపడి కూసిన కోయిలను నేనే.

యూసుఫ్ భాయ్ దుకాణం: ఊలు గుడ్డ

చేతులు ఊరుకోక రెండో రోజు నుంచి కింద దుకాణంలో కూర్చున్నాను. బయట ఇంకా నిప్పులు కురుస్తుంటే, లోపల బల్ల మీద ముదురు గోధుమ రంగు, బూడిద రంగు, నీలం రంగు ఊలు గుడ్డలు పరిచి ఉన్నాయి. అక్కడి మగవాళ్ళు ఎండాకాలమంతా పాదాల దాకా తెల్లటి పల్చటి థోబు వేసుకుంటారు. చలి వస్తే అదే అంగరఖా మందపు గుడ్డతో, ముదురు రంగుల్లో కుట్టించుకుంటారు. మన దగ్గర చలికి పైన స్వెట్టర్ వేసుకుంటాం గానీ ఉడుపే మార్చుకోం. యూసుఫ్ భాయ్ మెడపట్టీ కుట్టే తీరు చూశాను. లోపల గట్టి గుడ్డ పెట్టి మూడు వరసలు వేస్తాడు. అది నేను నేర్చుకున్నాను, నేను కాజా కుట్టే తీరు ఆయన నేర్చుకున్నాడు.

ఒక ముసలాయన థోబు కొలతకు వచ్చాడు. అందరూ హజ్జీ అని పిలిచారు. ముప్పై ఏళ్ళుగా మనవాళ్ళ మధ్య తిరిగినందుకు హిందీ బాగానే మాట్లాడతాడు. ఇంత ఎండలో ఊలు గుడ్డ ఎందుకని నేను అడిగితే, సుహైల్ చుక్క ఆగస్టు చివరే పొడిచింది, ఇక గాలి ఏ రోజైనా మారుతుంది అన్నాడు. ఏ చుక్క అని అడిగి అడిగి కనుక్కుంటే, మనం అగస్త్య నక్షత్రం అనేదే. మా నాయన అది పొడిస్తే చెరువు నీళ్ళు తేరుకుంటాయనేవాడు. ఒకే చుక్కను చూసి ఒకరు నీళ్ళు తేరుకున్నాయనుకుంటారు, ఒకరు ఊలు గుడ్డ కొంటారు.

వెళ్ళేముందు హజ్జీ నవ్వుతూ ఒక మాట అన్నాడు. "గాలి మారిన వారం ఎవరినీ ఏదీ అడక్కు బహెన్. అందరూ దేనికైనా సరే అంటారు." నేనూ నవ్వాను. మల్లేశ్ చేత సరే అనిపించుకోవడానికి మంచి వారమే అనుకున్నాను.

గాలి

బుధవారం పొద్దున నిశ్శబ్దానికి మెలకువ వచ్చింది. వచ్చినప్పటి నుంచి రాత్రీ పగలూ చెవిలో గుర్రుమన్న ఏసీ ఆగిపోయింది. కరెంటు పోయిందేమో అనుకున్నాను. చూస్తే షమీమ్ ఇల్లంతా కిటికీలు తెరిచి వాటి ముందు జుట్టు విరబోసుకుని నిలబడి ఉంది. ఉత్తరం వైపు నుంచి పొడి గాలి. సందులో జనం తలుపులు తీసి ఊరికే నిలబడ్డారు. ఎదురింటి మలయాళీ ఆయన కుర్చీ వీధిలో వేసుకుని పేపరు చదువుతున్నాడు, అన్ని రోజుల్లో ఆ మనిషిని అసలు చూడనే లేదు నేను. షమీమ్ బాత్‌రూం దగ్గరికి పోయి గీజర్ స్విచ్ వేసింది. ఎర్రదీపం వెలిగితే నన్ను పిలిచి చూపించింది. ఆ పూట సేమియా పాయసం చేసింది.

నాకూ సంతోషమైంది, అబద్ధం చెప్పను. ఆ సంతోషం సాయంత్రం సిత్రా గేటు దాకానే నిలిచింది.

అంతకుముందు బస్సు దిగి తలలు వంచుకుని గదుల్లోకి పోయే మనుషులు ఆ రోజు ఎవరూ లోపలికి పోలేదు. గేటు బయటే గుంపులు. క్యారం బోర్డు బయటికొచ్చింది. ఎవరో పాట ఎత్తుకున్నారు. మల్లేశ్ రెండు సమోసాలు తిని మూడోది అడిగాడు. వాడి కళ్ళలో వెలుతురు చూసి మురిసిపోవాల్సిందాన్ని, నాకు భయమేసింది. ఎందుకో నేను అడగకుండానే వాడే చెప్పాడు.

"చూద్దామక్కా. ఇప్పుడు పని సులువుంటది. మార్చి దాక మంచిగనే ఉంటది."

"మార్చి తర్వాత?"

"అప్పటి సంగతి అప్పుడు."

మూడు రోజుల కింద ఖలాస్ అన్న నోరే అది. నేను గొంతు పెంచాను. చుట్టూ ఉన్నవాళ్ళు తలలు తిప్పారు. వాడు ముఖం ముడుచుకుని క్యారం బోర్డు దగ్గరికి పోయాడు. బల్ల మీద నేనూ లింగన్నా మిగిలాం.

"కంపెనీవోడు తెలివిగల్లోడక్కా" అన్నాడు లింగన్న. "జూన్‌ల అడిగితె ఒక్కడు సంతకం పెట్టడు. గాలి మారినంక అడుగుతడు. ఎప్పుడు గంతే."

"నువ్వేం చేస్తవ్ మరి?"

"నేను పోదామనే అనుకున్న. మా దేవమ్మ రమ్మంటున్నది, నేనీడికి వచ్చి పదకొండేండ్లాయె. కని ఆడు సంతకం పెడితె ఎట్ల పోత? ఆని జోడీ నేను." తలొంచుకుని అన్నాడు. "ఆడు గూడ గదే అంటడు. లింగన్న ఉంటడు గదా, నాకేం భయం అని."

ఒకరికోసం ఒకరు అక్కడే ఉండిపోయేట్టున్నారు. ఈ ముడి ఎక్కడ విప్పాలో నాకు తెలియలేదు. బట్టలో పడ్డ ముడైతే కత్తిరించి మళ్ళీ కుడతాం.

కర్జకాన్: నేను చేసిన తప్పు

శుక్రవారం వాళ్ళకు సెలవు. యూసుఫ్ భాయ్ కుట్టిన థోబులు ఇవ్వడానికి దీవికి పడమర దిక్కున ఉన్న కర్జకాన్ పోతూ, నన్నూ షమీమ్‌నూ, దారిలో మల్లేశ్‌నూ లింగన్ననూ ఎక్కించుకున్నాడు. అంతా కలిసి అరగంట దారి. ఒక చివర నుంచి ఇంకో చివరకు పోవడానికి మనకు మెట్‌పల్లి నుంచి జగిత్యాల పోయినంత సేపు కూడా పట్టని దేశం అది.

నేను చూసిన బహ్రెయిన్‌లో అందమైన చోటు అదే. ఖర్జూరపు తోటలు, వాటి కింద నీడలో అల్ఫాల్ఫా గడ్డి మళ్ళు, ఒక గాడిద. ఆ ఇంటివాళ్ళు మమ్మల్ని కూర్చోబెట్టి చిన్న చిన్న గిన్నెల్లో గహ్వా పోశారు. పాలూ చక్కెరా లేని యాలకుల కషాయం. తాగిన ప్రతిసారీ మళ్ళీ పోస్తున్నారు. మర్యాద కోసం ఆరు గిన్నెలు తాగాను. గిన్నె అటూ ఇటూ ఊపితే చాలన్నట్టని షమీమ్ ఆరో గిన్నె తర్వాత చెప్పింది. దారిలో తోట పక్కన ఒకతను అమ్ముతున్న లేత ముల్లంగి, కొత్తిమీర కొన్నాం. షమీమ్ తెచ్చిన చేపల బిర్యానీ సముద్రపు ఒడ్డున చాప వేసుకుని తిన్నాం. నేను తెచ్చిన తొక్కుకు మాత్రం యూసుఫ్ భాయ్ దాసుడైపోయాడు.

అక్కడ నీళ్ళు మోకాళ్ళ లోతే. గాలి చల్లగా, ఎండ వీపు మీద గోరువెచ్చగా ఉంది. మల్లేశ్ ప్యాంటు మడిచి నీళ్ళలో దిగాడు. వాడు నవ్వుతుంటే మెడ ఎముకలు కూడా కనపడలేదు నాకు. కడుపు నిండి, గాలి తగిలి, ఆలోచన లేకుండా నోరు జారాను.

"ఎంత మంచిగుంది రా ఈడ. మనూళ్ళె ఈ గాలేది?"

వాడు నీళ్ళలో నిలబడి నా వైపు తిరిగాడు. "చూసినవా? నువ్వే అంటున్నవ్ గదక్కా. ఇంటికి పోయి సరితకు గదే చెప్పు."

నా నాలుక నేనే కొరుక్కున్నాను. వాణ్ణి తీసుకుపోవడానికి సముద్రం దాటి వచ్చిన మనిషిని, నా నోటితోనే వాడికి సాకు చేతిలో పెట్టాను. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ గాలిలో అయిదు నిమిషాలు నాకే ఆగస్టు గుర్తు లేదు. ఆరు రోజుల కింద కళ్ళజోడు మీద ఆవిరి పట్టిన మనిషిని. ఇక ఆరు నెలలు ఉడికినవాళ్ళ సంగతేమిటి? హజ్జీ మాట అప్పుడు అర్థమైంది.



శనివారం సాయంత్రం

ఒక్క రోజే మిగిలింది. మల్లేశ్ ఓవర్‌టైంలో ఉన్నాడని లింగన్న ఒక్కడే గేటు బయటికి వచ్చాడు. నేను చాయ్ చెప్పి, ఆగస్టులో అసలు ఏం జరిగిందో పూర్తిగా చెప్పమన్నాను. ఫోన్‌లో ఎవరూ చెప్పని ముక్క అప్పుడు విన్నాను.

"ఉక్కపోత దినమది. గాలి లేదు. పది అయింది. నేను పైన, ఆడు నాకంటె ఒక మెట్టు కింద. 'ఉన్న' అన్నడు. మంచిది అనుకున్న. మల్ల 'ఉన్న' అన్నడు. మల్ల 'ఉన్న'. అప్పుడు సోయొచ్చింది నాకు." లింగన్న చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నేను పిలువనే లేదక్కా. ఎవ్వలు పిలువలె. ఆడొక్కడే జవాబు చెప్పుకుంట నిలబడ్డడు. దిగి చూసిన గద, గొట్టం ఇడిచిపెట్టి ఉన్నడు. రెండు చేతులు ఇడిచిపెట్టి. నడుముకు కట్టిన బెల్టు మీదనే ఆగిండు."

నేను ఒకటే అడిగాను.

"ఇది వానికి చెప్పినవా?"

"చెప్పిన. నవ్విండు. ఆనికి ఏం యాది లేదు. యాది లేనిదానికి ఏం భయపడ్తడు?"

ఆ గుర్తు తమ్ముడికి లేదు, ఈ మనిషికి ఉంది. భయం కూడా ఈ మనిషి ఒక్కడే మోస్తున్నాడు. నేను సిగ్గు విడిచి చేతులు జోడించాను. "నీ మాటైతె వింటడు లింగన్నా. ఏదన్న ఒకటి చెప్పి వాణ్ణి పంపు" అన్నాను. ఆయన చాలాసేపు ట్యాంకుల వైపు చూశాడు.

"చెప్త. రేపు నువ్వేం మాట్లాడకు" అన్నాడు.

ఆదివారం: ఆఫీసు ముందు వరస

పొద్దున అయిదున్నరకే యూసుఫ్ భాయ్ నన్ను గేటు దగ్గర దింపాడు. గాలి ఇంకా చల్లబడింది, శాలువా తెచ్చుకోనందుకు వణికాను. ఇనుప జాలీ వెనక రేకుల గది ఆఫీసు, దాని ముందు డ్యూటీకి పోయే ముందు సంతకాలకు నిలబడ్డ వరస. మగవాళ్ళు జోకులు వేసుకుంటున్నారు. పెళ్ళి భోజనాల బంతికి నిలబడ్డట్టుంది. మల్లేశ్ ముందు నలుగురున్నారు. లింగన్న వాడి వెనకే.

ఒకడు లోపలికి పోయి వచ్చాడు. ఇంకొకడు. నేను జాలీ పట్టుకుని నిలబడ్డాను. అరవాలని ఉంది, మాట్లాడొద్దన్నాడు లింగన్న. లింగన్న ఇంకా నోరు తెరవలేదు. ముగ్గురు అయ్యారు. మల్లేశ్ జేబులోంచి కార్డు తీసి చేతిలో పట్టుకున్నాడు. నాలుగో వాడు లోపలికి పోయాడు.

అప్పుడు లింగన్న వంగి మావాడి చెవిలో ఏదో అన్నాడు. మల్లేశ్ గిర్రున తిరిగాడు. ఇద్దరి మధ్యా మాటలు నడిచాయి, నాకు వినపడలేదు. మల్లేశ్ చేతులు ఊపుతున్నాడు, లింగన్న తల అడ్డంగా ఊపుతున్నాడు. లోపలి నుంచి "యల్లా, యల్లా" అని తొందరపెట్టే కేక వినపడింది. మల్లేశ్ లోపలికి పోయాడు. వాడు బయటికి వచ్చేదాకా ఎంతసేపో నాకు తెలియదు. జాలీ తీగ నా అరచేతిలో అచ్చు పడింది.

వచ్చి జాలీకి అటువైపు నిలబడ్డాడు. మొహం మాడ్చుకుని ఉన్నాడు.

"లింగన్న పోతుండట. క్యాన్సల్ రాయిస్తడట. నిన్ననే అనుకున్నడట, నాకు చెప్పనే లేదు." చేతిలోని కార్డు జేబులో కుక్కాడు. "ఆయన లేకుంట వచ్చే ఎండల నేను ఎవల్తోని ఎక్కాలె? నేను గూడ క్యాన్సల్ రాయించిన. ఇగ సంతోషమేనా నీకు?"

సంతోషమే. జాలీ సందులోంచి వేళ్ళు పెట్టి వాడి చెయ్యి పట్టుకుని అక్కడే ఏడ్చాను. వాడి భుజం మీదుగా చూస్తే లింగన్న ఆఫీసు మెట్లెక్కుతున్నాడు. నా వైపు చూడలేదు. చలిగాలికి అందరూ చేతులు రుద్దుకుంటూ నవ్వుకుంటూనే ఉన్నారు.

మళ్ళీ మెట్‌పల్లి

నేను మూడు రోజులకు తిరిగొచ్చాను. షమీమ్ హల్వా డబ్బా ఇచ్చింది, యూసుఫ్ భాయ్ ఊలు గుడ్డ ముక్క ఇచ్చాడు. కాగితాలన్నీ పూర్తయి మల్లేశ్ నెల తర్వాత దిగాడు. సరిత వాడి సంచీ తీసుకుని లోపలికి పోయింది. వాడిప్పుడు ఇక్కడే సెంట్రింగ్ పనికి పోతున్నాడు. మెడ పదిహేనున్నరకు వచ్చింది.

లింగన్న ఎప్పుడొస్తాడని వాడు వారం వారం ఫోన్ చేస్తుంటే "కాగితాలు అయితున్నయ్" అనేవాడు. సంక్రాంతి దాటింది, శివరాత్రి దాటింది. కాగితాలకు ఇంత కాలం పట్టదని నాకు అనుమానమొచ్చి, వాడు లేనప్పుడు నేనే ఫోన్ చేశాను.

"నువ్వు సంతకం పెట్టినవ్ గదా లింగన్నా. ఆ దినమే."



"పెట్టిన అక్కా. నేను పోతున్న అంటెనే ఆడు పోతడు. నువ్వే గద ఏదన్న చెప్పమన్నవ్?"

"నువ్వు గూడ రావద్దా మరి? దేవమ్మ చూస్తలేదా?"

"పోదామనే వరుసల నిలబడ్డ. లోపలికి పోయినంక రెండేండ్లే గదా అనిపించింది. గాలి మంచిగున్నది ఆ దినం." నవ్వాడు.  "ఆడు ఉండి నేను గూడ ఉంటె, మల్ల ఆన్ని దించుడు నాతోని కాదక్కా. ఒక్కసారి దించిన. ఆ 'ఉన్న' ఇప్పటిగ్గూడ నా చెవుల ఉన్నది."

పోయిన నెల ఆర్మూర్ దాకా పోయి వాళ్ళ పల్లెలో దేవమ్మను చూసి వచ్చాను. చాయ్ పెట్టింది. మక్క గారెలు పెట్టింది. "ఈసారి ఆడ చలికాలం మస్తు మంచిగున్నదట, అందుకే ఇంకొక్కసారి ఉంట అన్నడు మా ఆయన" అంది. నేను చెప్పాలనుకుని పోయిన మాట గారెతో పాటు మింగి, జాకెట్టు కొలత తీసుకుని వచ్చాను. నా తమ్ముణ్ణి తెచ్చుకున్నాను. ఇంకొకరి మనిషిని అక్కడ నిలబెట్టి తెచ్చుకున్నాను. చూడటానికి వచ్చినవాళ్ళకు హల్వా సంగతి చెప్పాను గానీ ఇది ఎవరికీ చెప్పలేదు.

మల్లేశ్‌కు మాత్రం చెప్పాను. రెండు రోజులు నా దుకాణం వైపు రాలేదు. మూడో రోజు మధ్యాహ్నం అన్నం గిన్నె పట్టుకుని దుకాణానికి వచ్చాడు, అప్పటి నుంచి రోజూ వస్తున్నాడు. అక్కడ పన్నెండింటికి పని ఆపి మనుషుల్ని కిందికి దింపితే ఇక్కడ రెండున్నర. ఫోన్ బల్ల మీద పెట్టి స్పీకర్ నొక్కుతాడు. మే నెల వచ్చింది, అక్కడ గీజర్ స్విచ్ ఎప్పుడో ఆపేసి ఉంటారు. లింగన్న కొత్త జోడీ ఒక నేపాలీ పిల్లగాడట, మంచోడే కానీ పిలవడం మర్చిపోతాడట.

"లింగన్నా" అంటాడు మల్లేశ్.

నేను మిషన్ మీద కాలు ఆపుతాను. కొలత ఇవ్వడానికి వచ్చినవాళ్ళు ఏమైందక్కా అంటే చెయ్యి ఎత్తి ఆగమంటాను. అటు నుంచి గాలి చప్పుడు, ఎవరివో మాటలు, ఇనుము మీద ఇనుము పడ్డ చప్పుడు వినపడతాయి. తర్వాత ఆయన గొంతు వస్తుంది.

"ఉన్న."

అప్పుడు మళ్ళీ తొక్కుతాను.